కుళాయి లేనివాని నీటి ఖర్చు

నీటికి వెల యేమిటి యను ప్రశ్న మన దేశమున నేటికిని కొందరి మనస్సులను నొప్పించును. వేసవిలో చలివేంద్రము పెట్టి బాటసారి దాహము తీర్చుట పుణ్యమని నమ్మినవారము మనము. వాననీటికి, నదీజలమునకు వెల కట్టువాడెవడు? అయితే నదినుండి ఆ నీటిని తోడి, వడగట్టి, క్రిములను చంపి, మైళ్ల కొలది గొట్టములలో నడిపించి, మూడవ అంతస్తులోని వంటింటి వరకు ఎక్కించుటకు మాత్రము వెల గలదు. వాడిన నీరు మురుగై ఊరి వెలుపలికి పోవుటకు తరచు అంతకంటె హెచ్చు వెల గలదు. ఆ వెల ఎవరు చెల్లించుచున్నారు, ఎవరు చెల్లింపవలెను అనునదే నేటి మా ప్రసంగ విషయము.

లక్ష్యములకు లోటు లేదు. 1977లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటా నగరమున సమావేశమైన దేశములు 1990 నాటికి అందరికిని మంచినీరు, పారిశుద్ధ్యము సమకూర్పవలెనని తలపెట్టినవి. 1981 నుండి పది సంవత్సరములను అందుకొరకే ప్రత్యేక దశాబ్దముగా పాటించిరి. గడువు తీరినది, పని తీరలేదు. 2015లో ఐక్యరాజ్య సమితి మరల 2030వ సంవత్సరమును గడువుగా పెట్టి, నీటిని, పారిశుద్ధ్యమును, తలదాచుకొను ఇంటిని తన లక్ష్యములలో చేర్చినది. 2022వ సంవత్సరమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కట్టిన లెక్కలో సురక్షితమైన మంచినీటి వసతి లేనివారు 220 కోట్లమంది. సురక్షితమైన పారిశుద్ధ్యము లేనివారు 350 కోట్లమంది. మురికివాడలలో కాలము గడుపువారు వంద కోట్లకు పైమాటే. ఈలోగా పట్టణములు ఆగియుండలేదు. 2007 ప్రాంతమున, చరిత్రలో మొదటిసారిగా, పట్టణవాసుల సంఖ్య గ్రామవాసుల సంఖ్యను దాటినది.

డబ్బు ఎక్కడినుండి రావలెను? ఎన్ని సభలు జరిపినను, ఎంత పెద్ద నివేదికలు వ్రాసినను, సంచులు మూడే. వాడుకొనువారు కట్టు రుసుము ఒకటి. ప్రజల పన్నులనుండి ప్రభుత్వమిచ్చు సొమ్ము రెండవది. పరదేశముల ఉచిత సహాయము మూడవది. అప్పు నాలుగవ సంచి కాదు. అప్పు చేసి ఆడపిల్ల పెండ్లి చేసిన ప్రతి గృహస్థునకును ఈ సంగతి తెలియును గాని, ప్రణాళికలు వ్రాయువారు దీనిని మరచుచుందురు. అప్పు కాలమును కొనిపెట్టును. ముప్పది ఏండ్లలో కూడబెట్టవలసిన దానిని నేడే చేతికిచ్చును. తీర్చవలసినది మాత్రము ఆ మూడు సంచులనుండియే. అందును డాలర్ల అప్పుతో వేరొక చిక్కు కలదు. నీటి రుసుము వచ్చునది దేశ నాణెములో. ఆ నాణెము విలువ పడిపోయిన ఏడు, ఒక్క మూర గొట్టమైనను అదనముగా వేయకయే అప్పు బరువు పెరుగును.

పేదవాడు నీటికి డబ్బు కట్టలేడు గనుక నీటి రుసుము తాకరాదని కొందరు వాదింతురు. దయగల మాటయే. కాని వీధిలో జరుగునది వేరు. గొట్టము చేరని వాడలలో నీరు ట్యాంకరుపైనో, తోపుడుబండిపైనో వచ్చును. డబ్బా లెక్కన, బిందె లెక్కన అమ్ముడుపోవును. ఆ వెలను ఘనపు మీటరు లెక్కకు తెచ్చి చూచినచో, కుళాయి గల మేడలోనివారు కట్టుదానికంటె అది అనేక రెట్లు తేలును. ఆసియాలోను, ఆఫ్రికాలోను, లాటిన్ అమెరికాలోను పరిశీలించినవారికి ఈ సంగతి మరల మరల కనబడినది. రుసుము తక్కువగా నుంచి, నష్టమును ఖజానా భరించునపుడు, ఆ లాభము చేరునది కుళాయి ఉన్నవారికి. పేదవానికి అడ్డుపడునది నెలసరి రుసుము కాదు; కనెక్షనుకై ఒక్కసారిగా కట్టవలసిన మొత్తము, చూపవలసిన ఇంటి పట్టా. ఆ రెండును లేక అతడు బిందె నీటికి నెలనెలా అంతకుమించి చెల్లించుచునే యున్నాడు.

ఈ చిక్కు విప్పిన నగరమొకటి కలదు. కంబోడియా రాజధాని నాంఫెన్ 1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ సైన్యము చేత ఖాళీ చేయింపబడినది. 1979లో జనము తిరిగి వచ్చుసరికి నీటి సంస్థకు పటములు లేవు, పని తెలిసిన ఉద్యోగులలో అనేకులు బ్రతికి లేరు. 1993లో ఎక్ సోన్ చాన్ అను ఇంజనీరు ఆ సంస్థకు అధిపతియైన నాటికి, నీరు వచ్చునది రోజుకు పది గంటలు. అదియు నగరములో నాలుగవ వంతు జనమునకు మించి అందుట లేదు. శుద్ధి చేసి వదలిన నీటిలో నూటికి 72 పాళ్లు కారిపోయియో, దొంగిలింపబడియో పైకము రాకుండ పోవుచుండెను. దొంగ కనెక్షనులు అమ్మువారిలో సంస్థ ఉద్యోగులే ఉండిరి.

ఆయన చేసినదానిలో వింత యేమియు లేదు. ప్రతి కనెక్షనుకు మీటరు పెట్టించెను. వాడుకదారుల పట్టికను ఇల్లిల్లు తిరిగి సరిచేయించెను. ఉద్యోగుల జీతములు పెంచి, తప్పు చేసినవారిని తొలగించెను. బిల్లు కట్టని పెద్దలకు నీరు ఆపించెను. ఒక సైనికాధికారి ఇంట ఆయన తలకు తుపాకి గురిపెట్టిరి. ఆయన వెనుదిరిగి, తోడు తెచ్చుకొని వచ్చి, ఆ కనెక్షను కోసివేయించెను. ఇది ఆయన స్వయముగా పలుమార్లు చెప్పిన వృత్తాంతము. 1996 చివర సంస్థకు స్వయంప్రతిపత్తి లభించినది. రుసుమును మూడు దఫాలుగా పెంచవలెనని నిశ్చయించి, 1997లోను, 2001లోను పెంచిరి. మూడవసారి పెంచవలసిన అవసరము రాలేదు, వసూలు బాగుపడినందున ఆదాయము చాలినది. పేద కుటుంబములకు కనెక్షను సొమ్ములో మూడవ వంతు మొదలు పూర్తి మొత్తము వరకు తగ్గించిరి. మిగిలినది వాయిదాలలో కట్టనిచ్చిరి. ఫ్రాన్సు, జపాను దేశములు, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇచ్చిన సహాయము, అప్పు కలసి గొట్టములుగా మారినవి. పదునైదేండ్లు దాటుసరికి ఆ 72 పాళ్ల నష్టము 6 పాళ్ల దరికి దిగినది. రేయింబవళ్లు నీరు వచ్చెను. 2006లో ఎక్ సోన్ చాన్‌కు మెగసెసే బహుమానము లభించినది.

పరదేశపు సొమ్ము లేకున్న ఇది జరిగెడిది కాదు. కాని ఆ సొమ్మునే చిల్లుకుండలో పోసిన నగరములు ఎన్నియో కలవు. కారుచున్న కుండకు అప్పిచ్చువాడు రెండవమారు రాడు.

మురుగు కథ వేరు. ఈ నాంఫెన్ నగరమే తన మురుగును దశాబ్దములపాటు శుద్ధి లేకయే చుట్టునున్న చిత్తడి నేలలలోనికి వదలినది. కారణము సులభముగా తెలియును. మంచినీరు నా ఇంటికి వచ్చును గనుక నేను డబ్బు కట్టుదును. నా ఇంటి మురుగు పోవుటవలన మేలు కలుగునది దిగువనున్న పొరుగువానికి. కావున రుసుముతోనే మురుగుకాలువలు కట్టిన దేశము లేదనవచ్చును. 1858 వేసవిలో థేమ్స్ నది దుర్గంధమునకు పార్లమెంటు సభ్యులు సైతము నిలువలేకపోయినపుడు, లండను నగరము 30 లక్షల పౌండ్లు అప్పు చేసుకొనుటకు చట్టము చేసిరి. హామీ ప్రభుత్వ ఖజానాది. తీర్చినది ఇండ్లపై నలువదేండ్లపాటు వేసిన పన్ను. నేడు పేద దేశములకు మార్కెట్టు సూత్రములు ఉపదేశించువారు తమ తాతలు చేసిన ఈ పని జ్ఞాపకము తెచ్చుకొందురు గాక.

ఖజానా పలుకనిచోట ప్రజలేమి చేసిరో కరాచీలోని ఒరంగీ వాడ చెప్పును. 1980లో అక్తర్ హమీద్ ఖాన్ అక్కడ పని ప్రారంభించి, ఇరువది నలువది ఇండ్లుండు సందును ఒక జట్టుగా చేసెను. ఇంటిలోని మరుగుదొడ్డి, సందులోని గొట్టము, దానిని కలుపు చిన్న కాలువ, ఈ మూడును ఇండ్లవారు తమ డబ్బుతో, తమ చేతులతో వేసికొనిరి. కంట్రాక్టర్లు లేకపోవుటచేత ఖర్చు సర్కారు అంచనాలో కొద్ది భాగము మాత్రమే అయ్యెను. కాలక్రమమున లక్షకు దగ్గరగా ఇండ్లు ఈ విధమున మురుగు వదిలించుకొనినవి. అయితే పెద్ద కాలువ, శుద్ధి కేంద్రము ప్రజలు చందాలతో కట్టగలిగినవి కావు. అవి ప్రభుత్వము వంతు అని వారు మొదటినుండియు చెప్పుచునే యుండిరి. ఆ వంతు చాలవరకు జరుగలేదు. ఆ సంస్థను నడపుచు, నగరపు కాలువలను, నీటి దొంగతనమును, ఆక్రమణకు గురియగు భూములను పటములకెక్కించిన వాస్తుశిల్పి పర్వీన్ రహ్మాన్ 2013 మార్చిలో హత్యకు గురియైనది. నీటి లెక్క తీయుట కొన్నిచోట్ల ఎంతటి పనియో దీనివలన తెలియును.

ఇంటి సంగతి భూమితో ముడిపడినది, గనుక క్లుప్తముగా చెప్పుదుము. థాయిలాండులో 2003 జనవరి నుండి నడచుచున్న బాన్ మంకోంగ్ పథకములో మురికివాడవారు ముందు సహకార సంఘముగా ఏర్పడి, కోరిన అప్పులో పదవ వంతు పొదుపుచేసి చూపవలెను. అప్పు వ్యక్తికి కాదు, సంఘమునకు. భూమి కౌలుకో, కొనుగోలుకో సంఘమే బేరమాడును. వీధులకు, కాలువలకు ప్రభుత్వము గ్రాంటు ఇచ్చును. పట్టా లేని ఒంటరి కూలికి ఏ బ్యాంకు అప్పిచ్చును?

మన నగరములకు వత్తము. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టబెట్టుకొన్న తరువాత, విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. అవి ఖజానా సొమ్ముతో కట్టినవి. తరతరములు ఆ నీరు త్రాగినవి. తరువాతి కాలమున కృష్ణ, గోదావరి నీటిని దూరమునుండి తేవలసివచ్చి, అప్పులు పెరిగినవి. బాండ్ల మార్గమును 1998లో అహమ్మదాబాదు చూపినది; రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకయే, తన ఆక్ట్రాయి రాబడిని పూచీగా నిలిపి 100 కోట్ల రూపాయలు సేకరించినది. ముందు పన్ను వసూలు చక్కబెట్టుకొని, పిమ్మట మార్కెట్టుకు పోయినది. ఆ ఆక్ట్రాయిని గుజరాతు ప్రభుత్వము 2007లో రద్దుచేయుట వేరు సంగతి. 2018 ఫిబ్రవరిలో మహానగర హైదరాబాదు సంస్థయు 200 కోట్ల బాండ్లను నూటికి 8.9 వడ్డీపై అమ్మినది. అది రోడ్ల కొరకు.

2021 జనవరిలో హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీరు ఉచితమని ప్రకటించిరి. ఉచితమన్నంత మాత్రమున ఖర్చు మాయము కాదు. మొదటి సంచినుండి రెండవ సంచికి మారును. ప్రభుత్వము జలమండలికి ఆ పైకము ఏటేటా వేళకు ముట్టజెప్పినచో గొట్టములు మరమ్మతగును. జాప్యము చేసినచో మొదట ఆగునది నగరపు అంచునందలి వాడలకు వేయవలసిన కొత్త గొట్టము. అక్కడివారికి నెలకు 20 వేల లీటర్లు ఉచితము కాదు. ట్యాంకరు వచ్చిన దినమున వరుసలో నిలిచి పట్టుకొనిన బిందెలు మాత్రమే లెక్క.