ఫోటో కింద పేరు రాద్దాం
(తెలంగాణ ఫోటో ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

జై తెలంగాణ!

తెర మీద కనబడుతున్న ఈ ఫోటో మీకు కొత్తది కాదు. చీరలు కట్టుకున్న ఆడబిడ్డలు తుపాకులు పట్టుకొని నిలబడ్డరు. సాయుధ పోరాటం అంటే ముందుగాల యాదికొచ్చేది ఇదే. మన పోస్టర్ల మీద ఎన్నిసార్లు వేసుకున్నమో లెక్కలేదు.

పోయినసారి ఊరికి పోయినప్పుడు దీన్ని మా నాయనమ్మకు చూపించిన. ఆమె తుపాకుల సంగతి అడగలేదు. "వీళ్ళు ఎవరి బిడ్డలు? ఏ ఊరోళ్ళు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేండ్ల సంది ఆ ఫోటో పెట్టుకొని మాట్లాడుతున్నందుకు సిగ్గనిపించింది.

1943 బెంగాల్ కరువుల చిత్తప్రసాద్ మేదినీపూర్ ఊర్లు తిరిగి బొమ్మలు గీసిండు. ఎండిపోయిన మనుషులను గీసి ఊకోలేదు. చాలా బొమ్మలకు వాళ్ళ పేరు, వాళ్ళ కష్టం కూడ రాసిపెట్టిండు. ఆ 'హంగ్రీ బెంగాల్' పుస్తకాన్ని బ్రిటిష్ సర్కారు జప్తు చేసి కాలబెట్టింది. పేరున్న బొమ్మ సాక్ష్యమైతది, సాక్ష్యమంటే ఏ సర్కారుకైనా భయమే.

మన దగ్గర ఆ పని ఆలస్యంగ మొదలైంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు పోరాటంల ఉన్న ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసి, 1986ల 'మనకు తెలియని మన చరిత్ర' అచ్చేసిన్రు. మల్లు స్వరాజ్యం, చాకలి ఐలమ్మ అందుల స్వయంగ మాట్లాడుతరు. దొరల దౌర్జన్యం, దళంల బతుకు చెప్పిన్రు. 1951ల పోరాటం ఆపినంక ఇంటికి పొమ్మంటే ఆడవాళ్ళు పడ్డ బాధ కూడ అందుల ఉన్నది. తుపాకీ పట్టిన ఫోటోల అది కనబడదు.

రాష్ట్రం కోసం కొట్లాడిననాడు మన ఫోన్లు ధర్నాల ఫోటోలతోని నిండిపోయినయి. లాఠీ దెబ్బలు తిన్న పిల్లగాళ్ళు, బతుకమ్మ ఎత్తుకొని రోడ్డెక్కిన అక్కలు, వంటావార్పు పొయ్యిలు. వీళ్ళల్ల ఎందరి పేర్లు మనకు తెలుసు? 2014ల రాష్ట్రం వచ్చింది, ఇగ చరిత్ర రాసేటప్పుడు పేరు లేనోళ్ళను పక్కకు పెట్టుడు అల్క.

అందుకే ఒక్కటే అడుగుతున్న. ఫోటో దాచుకున్నప్పుడు పేరు, ఊరు, తారీఖు ఒక నోటుబుక్కుల రాయండి. కేసులున్న పిల్లల పేర్లు మాత్రం ఇంటర్నెట్ల పెట్టకండి, వాళ్ళకు ముప్పయితది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు 1969 ఫోటోలేమన్న ఉంటే, అందుల ఎవరెవరున్నరో పెద్దోళ్ళను అడగండి. చెప్పేటోళ్ళు ఉన్నప్పుడే అడగాలె.

మా నాయనమ్మ అడిగిన మాటకు నేనింకా జవాబు వెతుకుతనే ఉన్న. మన మనుమలు అడిగితే మాత్రం మనకు జవాబుండాలె.

జై తెలంగాణ!