ఆధారం అడిగే నర్సు

 

ఇవాళ నర్సింగ్ పట్టా అందుకుంటున్న మీలో కొందరు మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌కు వెళ్తున్నారని విన్నాను. భుజాన లెఫ్టినెంట్ నక్షత్రాలు పెట్టుకుని సికింద్రాబాద్ మిలిటరీ ఆస్పత్రికో, విశాఖలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణికో, ఎక్కడో లేహ్‌కో చేరతారు.

లేహ్ అన్నాను కాబట్టి ఫ్రాస్ట్‌బైట్ సంగతి చెప్తాను. 1812లో నెపోలియన్ సైన్యం రష్యా నుంచి వెనుదిరిగినప్పుడు, ఆయన సర్జన్ లారే ఒకటి గమనించాడు. గడ్డకట్టిన కాళ్లను నెగడు దగ్గర కాచుకున్న సైనికులకు ఆ కాళ్లు కుళ్లిపోతున్నాయి. స్పర్శ పోయిన చర్మానికి కాలుతున్నట్టే తెలియదు. తెల్లారితే మళ్లీ నడక, మళ్లీ గడ్డకట్టడం. ఆయన చూసింది నిజమే. తేల్చింది మాత్రం వేరు: వేడి తగలనివ్వొద్దు, మంచుతో రుద్దండి అన్నాడు. యుద్ధభూమిలో అంబులెన్సులు నడిపిన మహానుభావుడి మాట, కాదనేదెవరు? వందేళ్లు దాటినా సైనికుల వేళ్లను మంచుతో రుద్దుతూనే వచ్చారు. 20వ శతాబ్దం మధ్యలో ప్రయోగాలు చేసి, అలాస్కాలో రోగులను వరసగా పరిశీలించాక గానీ ఆ పద్ధతి పోలేదు. ఇప్పుడు 37 నుంచి 39 డిగ్రీల నీటిలో త్వరగా వెచ్చబరుస్తారు, రుద్దనే రుద్దరు. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం ఉంటే అసలు కరిగించరు. 1984 నుంచి సియాచిన్‌లో మన జవాన్లున్నారు. వాళ్లు ఆస్పత్రికి వచ్చాక ఆ నీటి వేడి తగ్గకుండా కనిపెట్టుకుని ఉండాల్సింది మీరే.

సైన్యంలో పైనుంచి వచ్చిన మాట ఇట్టే అన్ని వార్డులకూ పాకుతుంది. మంచి పద్ధతికి అదెంత కలిసొస్తుందో, తప్పు పద్ధతికీ అంతే కలిసొస్తుంది.

అలా పాకిన మాటే ఇంకొకటి. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టిన కాన్యులాను మూడు నాలుగు రోజులకోసారి మార్చి తీరాలన్నది మా తరానికి వేదవాక్కు. ఆస్ట్రేలియాలో క్లెయిర్ రికార్డ్ అనే నర్సు తన బృందంతో 3,283 మంది రోగులపై పరీక్షించి, 2012లో లాన్సెట్ పత్రికలో ఫలితం చెప్పారు. గడువు పెట్టి మార్చినా, అవసరమైతేనే మార్చినా నరం వాపు వచ్చింది 7 శాతం మందికే. ఎన్ని సూదులు ఊరికే గుచ్చామో! అలాగని చూడటం మానేయమని కాదు, ప్రతి షిఫ్టులోనూ ఆ చోటు చూడాల్సిందే.

ఆధారమంటే పరిశోధన ఒక్కటే కాదు. పుస్తకంలోని నొప్పి స్కేలు జవాను దగ్గర పనిచేయదు. పదికి ఎంత అని అడిగితే "ఏం లేదు సిస్టర్" అంటాడు. పక్క మంచంలో సుబేదార్ సాబ్ ఉంటే ఆ మాట కూడా అనడు. ఆ సున్నా చార్టులో రాసేసి వెళ్లిపోకండి. రాత్రి నిద్రపట్టిందా, అన్నం తిన్నాడా, ఫిజియోథెరపీకి లేస్తున్నాడా చూడండి. అదీ ఆధారమే.

ఇక సీనియర్లకు ఒక మనవి. కొత్త లెఫ్టినెంట్ "మేడమ్, దీనికి ఆధారం ఏమిటి?" అంటే ఎదురు చెప్పిందనుకోకండి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పిల్లను పరిశోధనలు చదువుకో అనడం ప్రోత్సాహం కాదు. డ్యూటీ గంటల్లోనే సమయమివ్వాలి, జర్నల్స్ అందుబాటులో ఉంచాలి, లెక్కలు తెలిసినవాళ్లను తోడివ్వాలి. అమెరికా 1992లోనే మూడు దళాల నర్సుల పరిశోధనకు విడిగా ఒక కార్యక్రమం పెట్టి నిధులిస్తోంది. మన కమాండెంట్లు, ప్రిన్సిపల్ మేట్రన్లు తలుచుకుంటే ఒక్క వార్డుతోనైనా మొదలుపెట్టవచ్చు.

అసలు చిక్కు పోస్టింగులతో. మీరు తెచ్చిన మార్పు మీ ట్రంకు పెట్టెతోపాటే రైలెక్కేస్తుంది. అందుకే ఏదైనా మార్చేముందు కొన్నాళ్లు లెక్క రాయండి: మంచం పుండ్లెన్ని, ఇన్ఫెక్షన్లెన్ని, జారిపడ్డవాళ్లెందరు. మార్చాక అదే లెక్క మళ్లీ రాయండి. చార్జి అప్పగించేటప్పుడు మందుల స్టాకుతోపాటు ఆ రిజిస్టరు మీద కూడా వచ్చే సిస్టర్ చేత సంతకం పెట్టించుకోండి.