రాయి తగిలిందని ఎర్త్ రాడ్ కోసేయకండి

పోయిన వీడియో కింద శామీర్‌పేట వైపు నుంచి ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, కొత్త ఇంటికి ఎర్తింగ్ చేస్తుంటే మూడడుగులకే రాయి వచ్చింది. ఎలక్ట్రీషియన్ మిగిలిన రాడ్ కోసేసి వైరు కట్టాడు. బల్బు పెట్టి చూపించాడు, బాగానే వెలిగింది. ఓకేనా?"

ఓకే కాదు తమ్ముడూ. ఎందుకో లెక్కతో చెప్తా.

హైదరాబాద్ చుట్టుపక్కల నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. సుత్తి దెబ్బకు అది కదలదు. రాడ్ తలే విచ్చుకుంటుంది, లేదా రాడ్ లోపల వంగిపోతుంది. పైనున్న రాగి పూత గీసుకుపోతే అక్కడ తుప్పు మొదలవుతుంది. కాబట్టి ఇంకా గట్టిగా కొట్టడం పరిష్కారం కాదు. కోసేయడం అసలే కాదు.

మరి బల్బు వెలిగింది కదా? 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ సుమారు 880 ఓమ్స్. మీ ఎర్త్ 100 ఓమ్స్ ఉందనుకోండి. అయినా బల్బుకు 207 వోల్టుల దాకా అందుతాయి. కాస్త డల్‌గా వెలుగుతుంది, అంతే. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోజూ చూసిందే ఇది: టెస్ట్ పాస్ అయిందా అని కాదు, ఆ టెస్ట్ అసలు ఏం చెక్ చేసిందో చూడాలి. బల్బు చెప్పేది ఒక్కటే, వైరు ఎక్కడో నేలకు తగిలిందని.

ఇప్పుడు అదే ఇంట్లో గీజర్ లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలింది. 230ని 100తో భాగించండి. 2.3 ఆంప్స్. మీ 16 ఆంప్స్ ఎంసీబీకి అది ఒక లెక్కే కాదు, ట్రిప్ అవ్వదు. గీజర్ బాడీ మీద దాదాపు 230 వోల్టులు అలాగే ఉంటాయి. తడి చేతులతో ముట్టుకునేది మన అమ్మో, చెల్లో.

సరే, రాయి వస్తే ఏం చేయాలి?

ముందు చోటు మార్చండి. రాయి అన్నిచోట్లా ఒకే లోతులో ఉండదు. ప్లాట్‌లో ఇంకో మూల మట్టి ఎక్కువ ఉండొచ్చు, తేమ ఉండే చోటైతే మరీ మంచిది.

అక్కడా తగిలితే ఏటవాలుగా దింపండి. మన ఐఎస్ 3043 కోడ్ ఒప్పుకునేదే ఇది. నిలువు నుంచి 30 డిగ్రీలు దాటకూడదు, పొడవు మాత్రం 2.5 మీటర్లకు తగ్గకూడదు.

అదీ కుదరకపోతే డ్రిల్ మిషన్‌తో బోరు వేయించి, రాడ్ నిలబెట్టి, చుట్టూ బెంటోనైట్ లాంటి ఎర్తింగ్ పౌడర్ నీళ్లతో కలిపి నింపించండి. డ్రిల్ చేసిన రాతి పొడితోనే మళ్లీ పూడ్చేస్తే ఉపయోగం లేదు. ఉప్పు పోస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత వానకు కొట్టుకుపోతుంది, ఈలోగా రాడ్‌ను తినేస్తుంది.

ఇంకో రాడ్ వేస్తే రెండింటి మధ్య దూరం రాడ్ పొడవుకు కనీసం రెట్టింపు ఉండాలి. లావు రాడ్ కొని మురిసిపోకండి. లావు రెట్టింపు చేస్తే రెసిస్టెన్స్ ఓ 10 శాతం తగ్గుతుంది. పొడవు రెట్టింపు చేస్తే 40 శాతం దాకా తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా రాతి నేలలో ఓమ్స్ అనుకున్నంత తగ్గకపోవచ్చు. అందుకే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. ఇందాకటి 2.3 ఆంప్స్ లీకేజీ ఎంసీబీకి కనపడదు, దీనికి మాత్రం చాలా ఎక్కువ. కళ్లు మూసి తెరిచేలోగా సప్లై కట్ అవుతుంది. అలాగని ఎర్తింగ్ మానేయొద్దు. ఎర్త్ లేకపోతే ఆర్‌సీసీబీ ట్రిప్ అవ్వాలంటే, ముందు కరెంట్ మీ ఒంట్లోంచి పోవాలి.

ఎలక్ట్రీషియన్‌తో గొడవ పడక్కర్లేదు. రాడ్ పూర్తిగా దిగిందా అని కూడా అడగకండి. "అన్నా, ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే ఎన్ని ఓమ్స్ వచ్చింది?" అని అడగండి. వచ్చిన నంబర్ మెయిన్ బోర్డు మీద రాయించండి. మే నెలలో మళ్లీ కొలిపించండి, ఎందుకంటే నేల ఎండినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

మీ ఇంట్లో ఎన్ని ఓమ్స్ ఉందో కామెంట్‌లో పెట్టండి. తెలియకపోతే "తెలీదు" అని పెట్టండి, కానీ ఈ వారంలోనే కనుక్కోండి. ఉంటా ఫ్రెండ్స్, బై.