మడ అడవి దాచే విషం – మనం తీసుకోవలసిన జాగ్రత్తలు

(రోగుల బంధువులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అడవి ఉంది. 1978లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. తుఫాను గాలికి, కెరటాలకు మడ అడవి అడ్డు నిలుస్తుందని తీరప్రాంతం వారికి తెలుసు. అది చేసే మరొక మేలు కంటికి కనిపించదు. నదులు, మురుగు కాలువలు మోసుకొచ్చే సీసం, పాదరసం, కాడ్మియం, రాగి, జింకు వంటి భారలోహాలను మడ అడవులు పట్టి ఉంచుతాయి.

ఎలాగంటే, మడ నేల బురదలో గాలి ఆడదు. అక్కడ కుళ్ళిన గుడ్డు వాసన వచ్చేది గంధకం వల్లే. లోహాలు ఆ గంధకంతో కలిసి, చాలా వరకు నీటిలో కరగకుండా బురదలోనే ఉండిపోతాయి. వేళ్ళ చుట్టూ తుప్పులాంటి పొర ఏర్పడి మరికొంత ఆపుతుంది. చెట్టులోకి వెళ్ళిన సీసం ఎక్కువగా వేళ్ళలోనే నిలిచిపోతుంది. జింకు, రాగి కొద్దిగా చెట్టుకు అవసరం గనుక కొంత ఆకుల దాకా ఎక్కుతాయి. మడ ఆకుల మీద ఉప్పు తెల్లగా పేరుకోవడం మీలో కొందరు చూసి ఉంటారు. ఆ ఉప్పుతోపాటు కొంత జింకు, రాగి బయటికి వస్తాయి. ఇంకొంత పండుటాకులతో రాలి మళ్ళీ బురదలో చేరుతుంది.

కాబట్టి అడవి విషాన్ని దాచి ఉంచుతుందే గాని నాశనం చేయదు. చెట్లు నరికి బురద తవ్వితే, గాలి తగిలి ఆ లోహాలు తిరిగి నీటిలోకి వస్తాయి. గుల్లలు, పీతలు, చేపల ద్వారా మన కంచంలోకి చేరవచ్చు.

లోహాలు ఆహారంలో చేరితే ఏమవుతుందో జపానులోని మినమాటా చూపింది. అక్కడ ఒక కర్మాగారం పాదరసాన్ని సముద్రంలోకి వదిలింది. ఆ చేపలు తిన్నవారిలో నరాల జబ్బు 1956లో బయటపడింది. పైకి ఆరోగ్యంగా ఉన్న తల్లులకు కూడా జబ్బుతో బిడ్డలు పుట్టారు.

అందుచేత ఈ జాగ్రత్తలు పాటించండి:

1. చేపలు మంచి ఆహారం, మానవద్దు. కాని ఫ్యాక్టరీ మురుగు కలిసే చోట గుల్లలు, పీతలు ఏరుకోవద్దు. ఉడికించినా, వేయించినా లోహం పోదు.

2. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర వంటి పెద్ద వేట చేపలు మాని, నెత్తళ్ళు, కవళ్ళు వంటి చిన్న చేపలు తినాలి.

3. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే పని ఇంటి దగ్గర చేయవద్దు. పిల్లలకు ఇంతవరకు ఫరవాలేదు అనదగిన సీసం మోతాదు లేదు. ఆ పని జరిగే చోట ఉండే బిడ్డకు కడుపునొప్పి, రక్తహీనత ఉంటే డాక్టరుగారికి ఆ సంగతి తప్పక చెప్పండి. రక్తపరీక్షలో సీసం తెలుస్తుంది.

4. థర్మామీటరు పగిలితే పాదరసాన్ని చేత్తో ముట్టవద్దు, తూములో పోయవద్దు. వార్డులో అయితే వెంటనే నర్సుకు చెప్పండి.

దేవుడు మనిషిని తోటలో ఉంచి దానిని కాపాడే పని అప్పగించాడు. మడ అడవి మన కోసం మోస్తున్న బరువును మనం పెంచకుండా ఉందాం. మీ రోగులకు త్వరగా స్వస్థత కలగాలని ప్రార్థిస్తున్నాము.