రాగిసంగటి – మన సీమ సొమ్ము
(పుస్తకశాలా సభయందు చేసిన ఉపన్యాసము)



స్వదేశి యనగా కట్టు బట్టయే యని తలంచువారు పెక్కురు. తిను కూటికిని స్వదేశివ్రతము కలదు. నేడు నేను విన్నవించునది దూరదేశపు వింత కాదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము ప్రాంతముల మెట్టచేలలో పండు రాగిని గూర్చియే.

మన తాతలు సంగటి తిని కపిల తోలిరి, బావులు త్రవ్విరి. పట్టణవాసులమైన మనము సంగటిని పేదవాని కూడని చిన్నచూపు చూచి, తెల్లని మరబియ్యమును గౌరవచిహ్నముగా నెంచుకొంటిమి. ఇందుకు మూలము రుచి కాదు, అంతస్తు.

ఈ అంతస్తునకు మన మిచ్చు వెల యెంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలను చూడుడు. ఎముకలకు బలమిచ్చు కాల్షియము నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాములు. మరబియ్యమున సుమారు 8 మాత్రమే. పీచు రాగులలో 11 గ్రాములు. మరబియ్యమున 3 గ్రాములకు లోపు.

మర తెలుపు నిచ్చి తవుడులోని సారమును హరించుచున్నది. జావాద్వీపమున ఐక్మన్ అను వైద్యుడు 1890 దశకములో తెల్లబియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, పొరతోడి బియ్యము తిని అవి కోలుకొనుటయు కనిపెట్టెను. అందులకు 1929లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. రాగిగింజ మిక్కిలి చిన్నది. పైపొర నొలుచుట కష్టము. కావుననే అది పొరతో కూడ పిండియై మన కంచమునకు వచ్చుచున్నది.

అయితే అతిశయోక్తి దేశభక్తి కాదు. రాగి సర్వరోగనివారిణి కాదు. మాంసకృత్తులలో అది బియ్యమును మించదు. మధుమేహము గలవారు దీనినైనను కొలతతోడనే తినవలెను. ఈ కొరతకు విరుగుడు మన పెద్దల వంటలోనే కలదు. సంగటికి తోడుగా పితికిపప్పు, ఉలవచారు, పులగూర వారు వడ్డించిరి. పప్పుధాన్యములు మాంసకృత్తుల లోటు తీర్చును. రాగులను మొలకెత్తించినచో ఇనుమును అడ్డగించు పదార్థము తగ్గును. ఆకుకూరపై పిండిన నిమ్మరసము ఆ ఇనుమును ఒంటికి పట్టించును. బి12 విటమిను మొక్కలనుండి లభింపదు గనుక శాకాహారులు పాలు, పెరుగు, మజ్జిగలను విడువరాదు.

ఇది ఒంటికి మాత్రమే సంబంధించిన మాట కాదు. వరికన్న మిక్కిలి తక్కువ నీటితో పండు రాగి, వానలు నమ్మరాని మన సీమకు తగిన పైరు. తిరుపతి చెంతనున్న పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధనాస్థానము 'వకుళ' వంటి రాగి వంగడముల నిచ్చినది. విత్తనము కలదు, నేల కలదు. కొనువాడు లేనిదే రైతు విత్తడు.

2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య వత్సరముగా జరిపినది. ఆ యేటనే మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ పోయ మొదలిడిరి. బిడ్డలకు మేలని పోయుదానిని పెద్దలు తక్కువని త్రోయుట న్యాయమా?

కావున నా మనవి చిన్నది. వారమునకు రెండు దినములైనను ఇంట సంగటి వండుడు. పెండ్లిపంక్తిలో దానికి విస్తరి నడుమ చోటిండు. వీలైనచో రైతువద్దనే రాగులు కొనుడు. మన గౌరవము తెల్లని మెతుకులో లేదు. మన నేల యిచ్చినదానిని తలయెత్తి భుజించుటలో కలదు.