విచారణలో మన నుడికి చోటు

(సరిహద్దు జిల్లాల తెలుగు కతోలిక కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. విచారణ అన్న మాట వినగానే మావారికి వాయిదాలు, సాక్షులు గుర్తుకు వస్తాయి. కతోలిక కుటుంబంలో పుట్టినవాడిని గనుక ఆ మాటకు మరొక అర్థం నాకు చిన్ననాడే తెలుసు. ఒక గురువు సంరక్షణలో ఉన్న విశ్వాసుల సముదాయం విచారణ. వారి మంచిచెడ్డలు విచారించేవాడు విచారణ గురువు. ఎల్లకు ఆవల ఉన్న మన విచారణలలో మన మంచిచెడ్డలను మన నుడిలో విచారించేవారు ఉన్నారా అన్నదే నేడు నేను మాట్లాడదలచిన విషయం.

తమిళనాడు వైపు స్థిరపడిన మా బంధువుల ఇంట ఒక అవ్వ ఉండేది. అంగడిలో బేరమాడటానికి ఆమె తమిళం చాలును. పాపసంకీర్తనానికి చాలలేదు. అక్కడి గురువుగారు సాత్వికులే, అయితే తెలుగు రాదు. మనవరాలిని దుబాసీగా పెట్టుకొమ్మని ఆయన సలహా ఇచ్చారు. అందులో తప్పు లేదు. 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి 990వ సూత్రం దుబాసీని అనుమతిస్తుంది, 983వ సూత్రం ఆ దుబాసీకి కూడా రహస్యపాలన విధిస్తుంది. అవ్వ మాత్రం, "మనవరాలి ఎదుట చెప్పుకోదగిన పాపాలైతే దేవుని దాకా ఎందుకు నాయనా?" అన్నది. ఏటేటా పాస్కా పండుగకు ముందు రెండు బస్సులు మారి ఆంధ్రలోని గుడికి వచ్చి చెప్పుకొని పోయేది. మోకాళ్లు సహకరించనప్పుడు అదీ నిలిచిపోయింది.

మనవారు ఈ నేలలకు నిన్న మొన్న వచ్చినవారు కారు. తిరువళ్ళూరు జిల్లాలోని కీళచ్చేరికి తెలుగు కతోలికులు 18వ శతాబ్ది చివరనే తరలి వెళ్లారు. మరికొన్ని చోట్ల మనం కదలలేదు, ఎల్లలే కదిలాయి. బళ్ళారి మేత్రాసనం 1949లో ఏర్పడింది. అప్పటికి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోనిది. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న మద్రాసుకు పోయింది.

ఒక చిత్రమైన సంగతి చెబుతాను. పూజ లాటిన్‌లో జరిగిన రోజుల్లో గుడిలో ఈ తగవు లేదు. అందరికీ సమానంగా అర్థమయ్యేది కాదు! ప్రసంగానికి, జపాలకు, పాపసంకీర్తనానికి మాత్రం ఊరి భాష కావలసివచ్చేది. అందుకే సముద్రాలు దాటి వచ్చిన విదేశీ గురువులు మన భాష నేర్చుకొన్నారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో దైవార్చనలో ప్రజల భాషలకు తలుపు తెరిచింది. అది గొప్ప మేలు. కాని ఏ ప్రజల భాష అన్న ప్రశ్న కూడా ఆ తలుపులో నుండే లోపలికి వచ్చింది. మూడు భాషలవారు కూర్చునే గుడిలో ఆదివారం ఎనిమిది గంటల పూజ ఎవరిది? బెంగళూరు అగ్రపీఠంలో ఇటువంటి ప్రశ్నలు దశాబ్దాల తరబడి ఎంత చేదును మిగిల్చాయో మీకు తెలియనిది కాదు.

ఇక ఈ వ్యవస్థలో అధికారం ఎక్కడున్నదో చూడాలి. మనవారు పొరబడేది ఇక్కడే. మేత్రాసనానికి పీఠాధిపతి, దాని కింద విచారణలు, విచారణ కింద ఉపకేంద్రాలైన పల్లెలు, పల్లెలో ఉపదేశి. మా తాతగారు ఉపదేశి. గురువు రాలేని ఆదివారాలలో గుడిలో జపం నడిపేది, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది ఆయనే. ఇళ్ల మధ్య చిన్న సమూహాలు ఉంటాయి, తమిళనాడులో వాటిని అన్బియం అంటారు. మరియ సేనాదళం, విన్సెంట్ డి పాల్ సంఘం వంటివి వేరు. ప్రతి విచారణకు ఆర్థిక మండలి ఉండి తీరాలని 537వ సూత్రం. పాలక మండలి అని మనం పిలుచుకొనే విచారణ సలహా మండలి 536వ సూత్రం కిందిది. పీఠాధిపతి తగునని భావిస్తేనే అది ఏర్పడుతుంది. గురువే దానికి అధ్యక్షుడు, సభ్యుల ఓటు సలహా మాత్రమే. మండలిలో అందరూ చేతులెత్తినా తెలుగు పూజ రాదు, ఎవరూ ఎత్తకపోయినా పీఠాధిపతి తలచుకొంటే వస్తుంది. 2024 అక్టోబరులో రోములో ముగిసిన సినడు తుది పత్రం ఇటువంటి మండలులు తప్పనిసరి కావాలని గట్టిగా కోరింది. మంచి మాటే. అయినా ఆ కోరికతోనే సలహా ఓటు నిర్ణయపు ఓటు అయిపోదు.

2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు మన ఇళ్లలో పండుగ చేసుకొన్నాం. ఆయనకు అర్జీ పెడదామని అప్పుడు కొందరు నన్ను అడిగారు. వేలూరు మేత్రాసనం మద్రాసు-మైలాపూరు అగ్రపీఠ మండలంలోనిది, బళ్ళారి బెంగళూరు మండలంలోనిది. అక్కడి విచారణలపై హైదరాబాదుకు అధికారం లేదు. అర్జీ పోవలసింది మీ పీఠాధిపతికే.

మరి అడిగే హక్కు ఉన్నదా? ఉన్నది. తమ అవసరాలను కాపరులకు తెలుపుకొనే స్వేచ్ఛ 212వ సూత్రం ఇస్తున్నది. దేవుని వాక్కును, సంస్కారాలను కాపరుల నుండి పొందే హక్కు 213వ సూత్రంలో ఉన్నది. విచారణ సాధారణంగా ప్రాంతాన్ని బట్టి ఏర్పడుతుందని చెప్పిన 518వ సూత్రమే, అవసరమైన చోట భాషను బట్టి కూడా ప్రత్యేక విచారణ ఏర్పాటు చేయవచ్చని చెబుతున్నది. ఆమోదం పొందిన పాఠం ఉంటే పూజ ఏ భాషలోనైనా చేయవచ్చునని 928వ సూత్రం. తెలుగు పూజాగ్రంథం ఎటూ సిద్ధంగా ఉన్నది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఒక విచారణలోని తెలుగు కుటుంబాలు నా వద్దకు వచ్చాయి. వారికి నెలకొక తెలుగు పూజ జరిగేది, దానిని వారం వారం చేయించాలని వారి కోరిక. నేను పడుచుతనపు ఉత్సాహంలో రాజ్యాంగం 29, 30, 350-ఏ అధికరణాలన్నీ ఉటంకిస్తూ లాయరు నోటీసు పంపాను. 350-ఏ తల్లిభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించమని రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పేది, పీఠాధిపతికి కాదు. పూజ ఏ భాషలో జరగాలన్నది మతవ్యవహారమని, అందులో కోర్టులు తలదూర్చడానికి జంకుతాయని నాకు తెలియాలి. నోటీసు చేరిన తరువాత విచారణ రెండు ముక్కలైంది. ఉన్న నెలవారీ పూజ కూడా పోయింది. ఆ కుటుంబాల ముఖం చూడటానికి నాకు చాలాకాలం పట్టింది.

అందుచేత ఇప్పుడు నేను ఇచ్చే సలహా వేరు. పిల్లల సంగతితో మొదలుపెట్టండి. తమిళనాడు 2006లో చట్టం చేసి మొదటి తరగతి నుండి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. బడిలో తెలుగు అక్షరం కరవైన చోట ఆదివారపు జ్ఞానోపదేశమే మిగిలిన పలక. పిల్లలకు విశ్వాసం నేర్పే మొదటి బాధ్యత తల్లిదండ్రులదేనని శ్రీసభే చెబుతున్నది గనుక, తెలుగులో నేర్పడానికి ఒక గది, ఒక గంట అడగడం ఎవరికీ తప్పుగా తోచదు. ఇళ్లలో కూడే చిన్న సమూహంలో తెలుగు జపానికి, తెలుగు బైబిలు పఠనానికి నోటీసులూ తీర్మానాలూ అక్కరలేదు. పూజ మాట దాని తరువాత. ఎన్ని కుటుంబాలు, వారిలో తమిళమో కన్నడమో రాని వృద్ధులెందరు, ఏ వేళ గుడి ఖాళీగా ఉంటుంది, పొరుగు మేత్రాసనం నుండి నెలకొకసారి రాగల తెలుగు గురువు ఎవరు, ఆయన దారి ఖర్చు ఎవరు భరిస్తారు, ఇవన్నీ ఒక పుటలో వ్రాసి, ముందు విచారణ గురువుకు చూపి, ఆయన ద్వారానే పీఠాధిపతికి పంపండి. తమిళ, కన్నడ సోదరుల సంతకాలు రెండు మూడు దొరికితే ఆ పుట బలం పెరుగుతుంది. అన్నట్టు, చిత్తూరు వైపు మన విచారణలలో తమిళ కుటుంబాలు ఇటువంటి పుట తెచ్చినప్పుడు మనం ఏం చేశామో కూడా ఒకసారి అడిగి తెలుసుకోండి. పీఠాధిపతి ఆ ప్రశ్న వేసే అవకాశం ఉన్నది.

వారపు పూజ దొరకకపోతే, పాస్కాకు ముందు ఒక్కరోజు తెలుగు తెలిసిన గురువును పాపసంకీర్తనానికి పిలిపించమని అడగండి. నాకు తెలిసినంతలో దీనిని కాదన్న గురువు లేడు. మా అవ్వ కోసం ఇది అడగాలని ఆనాడు మాకెవరికీ తోచలేదు.

అర్జీ నమూనాలు కొన్ని వ్రాయించి తెచ్చాను. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర తీసుకోండి. మీ మీ ఊళ్ల లెక్కలు నింపేటప్పుడు వృద్ధుల వరుస ఖాళీగా వదలవద్దని మనవి.