ఉపచారము



ఈ సాయంకాలం మర్యాదను గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని సంకల్పించాము. "మర్యాద బడిలో పంతులుగారు నేర్పవలసిన పాఠం కదా, దానికి పురాణ వేదిక ఎందుకు?" అని ఎవరికైనా తోచవచ్చు. ఆ సందేహానికి సమాధానం దేవాలయంలో ప్రతి ఉదయం మన కళ్ళ ఎదుటనే జరుగుతున్నది.

అర్చకస్వామి చేసే షోడశోపచార పూజను ఒక్కసారి స్మరించండి. ఆవాహనం అంటే లోపలికి రమ్మని పిలవడం. ఆసనం అంటే కూర్చోవడానికి పీట వేయడం. పాద్యం కాళ్ళకు నీళ్ళు, అర్ఘ్యం చేతులకు నీళ్ళు, ఆచమనీయం గొంతు తడుపుకోవడానికి నీళ్ళు. ఆ పిమ్మట స్నానం, వస్త్రం, గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం. సంప్రదాయాన్నిబట్టి ఒకటి రెండు పేర్లు మారవచ్చు గాని ధోరణి మాత్రం ఇదే. ఎండలో నడిచి గుమ్మం ఎక్కిన చుట్టానికి మన పెద్దలు చేసిన మర్యాదకూ దీనికీ తేడా ఏమున్నది? పరమాత్మను ఎట్లా పూజించాలి అన్న ప్రశ్నకు మన పూర్వులు కనుగొన్న సమాధానం అతిథి మర్యాద. ఇంటికి వచ్చిన మనిషికి చేసేదే దేవునికీ చేశారు.

నైవేద్యం వేళ తెర ఎందుకు వేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? భోజనం చేసేవారిని తేరిపార చూడకూడదు, అది మర్యాద కాదు. సుప్రభాతం ఎందుకు? నిద్రించేవారిని కేకవేసి లేపకూడదు, మెల్లగా స్తుతితో మేలుకొలపాలి. పూజ చివర ఉద్వాసన చెప్పడం ఎందుకు? వచ్చినవారిని గుమ్మం దాకా సాగనంపాలి. విగ్రహం విషయంలో ఇంత సున్నితంగా నడుచుకొనే మనం, తెల్లవారుజామున పిల్లవాణ్ణి నిద్ర లేపేటప్పుడు ఏ స్వరంతో పిలుస్తున్నామో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. ఈ సేవకు ఉపచారమని పేరు. దీనికి విరుద్ధమైన నడతను అపచారమన్నారు. దేవుని పట్ల జరిగే అపచారానికి భయపడతాము. మనిషి పట్ల జరిగేదానికి ఆ పేరే పెట్టము.

ఇప్పుడు ఇద్దరు రాజుల ముచ్చట చెప్పుకుందాము. ఇద్దరి వద్దకూ చిన్ననాటి సహాధ్యాయులు వచ్చారు. ఇద్దరూ బీద బ్రాహ్మణులే, ఇద్దరి రాకకూ ఇంట్లో బిడ్డల ఆకలే కారణం.

మొదటివాడు కుచేలుడు. చినిగిన బట్టతో, కొంగున మూటకట్టిన గుప్పెడు అటుకులతో ద్వారకకు వచ్చాడు. శ్రీకృష్ణుడు దూరం నుంచే చూసి, పానుపు మీది నుంచి తటాలున లేచి, ఎదురేగి కౌగిలించుకొన్నాడు. తన పానుపు మీదనే కూర్చోబెట్టి, స్వయంగా కాళ్ళు కడిగి, ఆ నీటిని శిరస్సున చల్లుకొన్నాడు. రుక్మిణీదేవి వింజామర వీచింది. ఇవన్నీ మనకు తెలిసినవే. అయితే భాగవతంలో ఈ ఘట్టాన్ని నిదానంగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. "ఏ పని మీద వచ్చావు?" అని కృష్ణుడు ఒక్కసారి కూడా అడగలేదు. సాందీపని మహర్షి ఆశ్రమంలో కట్టెలకోసం అడవికి వెళ్ళి, గాలివానలో దారితప్పిన రాత్రిని గుర్తు చేశాడు. ఆ మాటతో రాజు, బీదవాడు అన్న భేదం పోయి ఇద్దరు శిష్యులు మిగిలారు. మర్నాడు కుచేలుడు ఏమీ అడగకుండానే బయలుదేరాడు. ఇవ్వవలసినదంతా ఆయన కంటె ముందే ఇల్లు చేరింది. నోరు తెరిచి యాచించే అవస్థ స్నేహితునికి రానీయలేదు స్వామి. ఇచ్చిన సంపద కంటె ఈ మన్నన గొప్పదని నేననుకొంటాను.

రెండవవాడు ద్రోణుడు. భరద్వాజాశ్రమంలో పాంచాల రాజకుమారుడు ద్రుపదుడు ఆయనతో కలిసి చదువుకొన్నాడు. ద్రోణుని ఇంట పాలు లేవు. తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్ళను పాలని చెప్పి అశ్వత్థామకు తాగించగా, ఆ పసివాడు పాలు తాగానని ఎగిరి గంతులు వేశాడు. అది చూసిన తండ్రి గుండె ఎట్లా ఉంటుంది? బాల్యమిత్రుడు రాజయ్యాడు కదా అని వెళ్ళాడు. ద్రుపదుడు సభలో ఏమన్నాడు? రాజుకూ దరిద్రునికీ స్నేహమేమిటి అన్నాడు. ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించాలి. ఇవ్వకపోవడం ఒక ఎత్తు, అవమానించడం ఒక ఎత్తు. నాలుగు ఆవులు ఇచ్చి పంపినా సరిపోయేది. ఇవ్వలేకపోయినా, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, తన ఇబ్బంది చెప్పుకొన్నా సరిపోయేది.

ఆ ఒక్క మాట ఎంత దూరం పోయిందో చూడండి. ద్రోణుడు హస్తినాపురం చేరి రాజకుమారులకు అస్త్రవిద్య నేర్పాడు. గురుదక్షిణగా అర్జునుడు ద్రుపదుణ్ణి బంధించి తెచ్చాడు. ద్రోణుడు సగం రాజ్యం ఉంచుకొని, "ఇప్పుడు మనం సమానులము, స్నేహం చేయవచ్చు" అన్నాడు. ఆ పరాభవంతో ద్రుపదుడు ద్రోణుని చంపగల కొడుకుకోసం యజ్ఞం చేశాడు. ధృష్టద్యుమ్నుడు పుట్టాడు. కురుక్షేత్రంలో పదిహేనవనాడు ద్రోణుని చేతిలో ద్రుపదుడు, ధృష్టద్యుమ్నుని చేతిలో ద్రోణుడు పడిపోయారు. యుద్ధం ముగిసిన రాత్రి ధృష్టద్యుమ్నుణ్ణి చంపినవాడు ఎవరు? ఏ బిడ్డ పాలకోసం ఈ కథ మొదలయిందో ఆ అశ్వత్థామే. రెండు వంశాలు బూడిదయ్యాయి. భారతయుద్ధానికి కారణాలు అనేకం ఉన్నవి, కాదనము. కాని ఈ పాయ మాత్రం సభలో అన్న ఒక పెడసరపు మాట నుంచి పుట్టింది.

"మేము రాజులమా, మా వద్దకు ద్రోణులు వస్తారా?" అని మీరనవచ్చు. వస్తారు. కార్యాలయంలో కిటికీకి ఇవతల కూర్చున్న గుమస్తా అవతలివారికి ఆ క్షణంలో రాజే. పింఛను కాగితం పట్టుకొని వచ్చిన వృద్ధుణ్ణి తలెత్తి చూడకుండా "రేపు రా" అనడంలోనూ, "కూర్చోండి తాతగారూ, ఈ సంతకం ఒకటి తక్కువైంది" అనడంలోనూ పని ఆలస్యం ఒకటే. కాని మొదటి మాట విన్నవాడు ఆ రాత్రి అన్నం తినలేడు.

శ్రీరాముని గుణాలు వర్ణిస్తూ వాల్మీకి మహర్షి పూర్వభాషి అనే మాట వాడాడు. తానే ముందుగా పలకరించేవాడని అర్థం. చక్రవర్తి కుమారుడు ఎదుటివారి నమస్కారంకోసం ఎదురుచూడలేదు. ఊరి వెలుపలి నుంచి తిరిగి వస్తూ పౌరులను నిలిపి, వారి బిడ్డలు, భార్యలు, సేవకుల యోగక్షేమాలు సొంతవారిని అడిగినట్లు అడిగేవాడని ప్రజలే దశరథునితో చెప్పుకొన్నారు. నేటి రోజుల్లో ఒకే మెట్ల మీద పదేళ్ళు ఎక్కిదిగే ఇరుగుపొరుగువారికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. చేతిలో సెల్‌ఫోను వెలుగుతూ ఉంటుంది, చూపు అందులో ఉంటుంది. ఎదురుగా వచ్చినవాడు నవ్వాలో వద్దో తెలియక గోడకు ఒదిగి పోతాడు.

దారి ఇవ్వడాన్ని గురించి కూడా మన స్మృతులు చెప్పాయి. బరువు మోసేవానికి, రోగికి, స్త్రీకి, తొంబది దాటిన వృద్ధునికి దారి విడవమని మనువు విధించాడు. బరువు మోసే కూలివాని పేరు ఆ వరుసలో ఉండడం గమనించవలసిన సంగతి. రోగికి దారి విడవకపోతే నేడు చట్టం పలకవలసి వచ్చింది. అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి ఆరు నెలల దాకా జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. చట్టం మంచిదే. అయినా లోపల ప్రాణం కొట్టుకొంటూ ఉంటే వెలుపల జరిమానా గుర్తుకు వస్తేనే కదిలే స్థితికి వచ్చామా అని మనసు చివుక్కుమంటుంది.

మన తెలుగు మాటలోనే ఎంత మన్నన దాగి ఉన్నదో! గడప దాటేటప్పుడు "వెళ్తాను" అనరు, "వెళ్ళివస్తాను" అంటారు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. భిక్షకు వచ్చినవాణ్ణి సైతం "చేయి ఖాళీ లేదు నాయనా" అని పంపేవారు మన తల్లులు. "థాంక్స్" అనే మాటకు సరైన వాడుకమాట మనకు లేదని కొందరు చిన్నబుచ్చుకొంటారు. మంచినీళ్ళు ఇచ్చిన పిల్లను "చల్లగా ఉండు తల్లీ" అనే ముసలమ్మ అంతకంటె ఎక్కువే చెప్పింది కదా! ఇటువంటి భాష ఉండి కూడా, తండ్రి వయసున్న రిక్షావానిని పదేళ్ళ పిల్లవాడు "నువ్వు" అంటే పక్కనున్న పెద్దలు ఊరకుంటున్నారు. "గారు", "అండి" జీతం చూసి అతికించే మాటలు కావు.

ఇక ఒక హెచ్చరిక. మర్యాద మనం చేయవలసినదే గాని, నిలదీసి వసూలు చేయవలసినది కాదు. పరీక్షిన్మహారాజు వేటలో అలసి, దాహంతో శమీక మహర్షి ఆశ్రమానికి వచ్చాడు. ముని ధ్యానంలో ఉన్నాడు. ఆసనం లేదు, అర్ఘ్యం లేదు, మంచిమాట లేదు. రాజుకు కోపం వచ్చి, చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడలో వేశాడు. ముని కుమారుడు శపించాడు. ఏడు దినాలలో ప్రాణం పోయింది. ఎదుటివాడు పలకలేదంటే పొగరు అని వెంటనే తీర్పు చెప్పకండి. వాని ఇంట్లో జబ్బు ఉండవచ్చు, మనసులో అప్పు మెదలుతూ ఉండవచ్చు, చెవి వినపడకపోవచ్చు.

అతిథి భోజనం చేయకముందే పారణ చేయాలా వద్దా అన్న సంకటంలో పడి, కేవలం నీళ్ళు పుచ్చుకొన్న అంబరీషుడు ఎట్టి ఆపదలో చిక్కుకొన్నాడో రేపు సాయంకాలం ఇదే వేళకు చెప్పుకుందాము. ప్రసాదం మండపం ఉత్తర ద్వారం వద్ద ఇస్తున్నారు. వృద్ధులను, పిల్లలు ఎత్తుకొన్న తల్లులను ముందు పోనివ్వండి.